షేర్ ఆటో ఎక్కిన మెయిళ్లు

మా అపార్ట్‌మెంట్‌లో 30 ఫ్లాట్లు. సాఫ్ట్‌వేర్ వాడినన్న పాపానికి అసోసియేషన్ వెబ్‌సైట్ నా నెత్తిన పడింది. మొన్న రాత్రి తొమ్మిదింటికి సెక్రటరీగారి ఫోన్. "ఎవరి మెయింటెనెన్స్ బాకీ ఎంతో వాళ్లకి మెయిల్ కొట్టెయ్యవయ్యా, రెండు నిమిషాల పనేగా!" లిఫ్ట్ రిపేరు తప్ప ఈయనకి లోకంలో అన్నీ రెండు నిమిషాల పనులే.

వెబ్‌సైట్ నుంచి మెయిళ్లు పంపే రెడీమేడ్ కోడు, పీహెచ్‌పీమెయిలర్ క్లాసు పెట్టి, ఒక్కో ఫ్లాటుకీ అదే పని తిప్పితిప్పి చేసే లూపు రాసి, నా ఒక్క అడ్రస్‌తో టెస్ట్ చేసి పంపేశాను.

పొద్దున్నే ఆరింటికి 101 తాతగారు. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. "బాబూ, 30 మెయిళ్లు వచ్చాయి. కాగితం మీద కూడితే మొత్తం 1,42,500 తేలింది. రెండుసార్లు కూడాను. ఇంత బాకీ నేనెప్పుడు పడ్డాను?"

నిద్రమత్తు దిగిపోయింది. ఆ క్లాసులో 'యాడ్ అడ్రస్' అంటే పాత అడ్రస్ తీసేసి కొత్తది పెట్టడం కాదు, పాతవాటి పక్కన ఇరికించడం. అచ్చం మన షేర్ ఆటో. ఎక్కించుకోవడమే గానీ, 'క్లియర్ అడ్రసెస్' అని మనం అరిస్తే తప్ప ఎవర్నీ దింపదు. 101 ముందు ఎక్కారు, 102 ఆయన పక్కన సర్దుకున్నారు, 103 డ్రైవర్ సీటు అంచున వేలాడారు. అలా 506 దాకా. ఎక్కిన ప్రతివాడి బాకీ అప్పటికి ఆటోలో ఉన్నవాళ్లందరికీ వినపడింది. పంపాల్సినవి 30, చేరినవి 465. ఒక్క అడ్రస్‌తో చేసిన టెస్టులో ఇదెలా దొరుకుతుంది చెప్పండి? ఖాళీ ఆటోలో ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

అన్నట్టు, చివరి మెయిల్ మొత్తం 30 మందికీ వెళ్లింది. అది 506ది. 506లో ఉండేది సెక్రటరీగారు. పదకొండు నెలల బాకీ.

ఎనిమిదింటికి లుంగీతోనే దిగొచ్చారు. "ఆ మెయిల్ వెనక్కి తీసుకో."

"వెళ్లింది వెనక్కి రాదండీ."

"అయితే నా లెక్క తప్పుపడిందని ఇంకోటి పంపు. రెండు నిమిషాల పనేగా!"

రిజిస్టర్ తెప్పించి చూశాను. తప్పే. పదకొండు కాదు, పన్నెండు.