అప్‌గ్రేడ్ చేసుకోవచ్చన్న కొటేషన్ చీటీ గారికి

మహారాజశ్రీ కొటేషన్ చీటీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అనాలి గానీ, నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా పాత కంప్యూటర్‌కి ర్యామ్ పెంచబోయి జరిగిన భాగోతం తర్వాత ఆ మాట నోటికి రావడం లేదు.

ఆ కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాడు రాసిచ్చిన తమరి మీద ఏం రాసుందో ఓసారి గుర్తు చేసుకోండి. పెంటియం డ్యూయల్ కోర్ ఈ5300, 2.6 గిగాహెర్ట్జ్. జీ31 చిప్‌సెట్ బోర్డు. 1 జీబీ డీడీఆర్2 ర్యామ్. 160 జీబీ హార్డ్ డిస్కు. 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే కరెంటు అందించే డబ్బా. అన్నిటి కిందా బాల్‌పెన్నుతో, రెండు గీతలు కొట్టి మరీ, "ఫ్యూచర్‌లో అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు".

ఎలాగండీ?

ఈ బోర్డుకి ర్యామ్ స్లాట్లు రెండే. ఒక్కోదానికి 2 జీబీ, వెరసి 4. బయాస్, అంటే బోర్డు లోపలి తొలి ప్రోగ్రాం, అప్‌డేట్ చేస్తే 8 తీసుకుంటుందని చెప్పే మహానుభావులుంటారు. తీసుకోదు. ఆ తరంలో ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉండదు, బోర్డుకి అతికిన చిప్‌సెట్‌లోని నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉంటుంది. ప్రాసెసర్ మార్చినా 4 నాలుగే. అదీ 32 బిట్ విండోస్ అయితే చూపించేది మూడుంపావు దగ్గరే. సొంత మెమరీ లేని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కూడా అందులోంచే తన వాటా కోసుకుంటుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 4 జీబీ డీడీఆర్2 స్టిక్కులున్నాయిగా అంటారా? బూడిదలో పోసిన పన్నీరు అదే. స్లాట్‌లో ముచ్చటగా కూర్చుంటాయి, క్లిప్పులు టక్కుమని పడతాయి. పవర్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా, లోపల్నుంచి పొడుగాటి బీప్‌లు. తీసి, రబ్బరుతో బంగారు పళ్లు రుద్ది, స్లాట్ మార్చి, ఒక్కటే పెట్టి, బోర్డు సెట్టింగులు గుర్తుంచే సీమాస్ బ్యాటరీ పీకి మళ్లీ పెట్టి చూసినా అదే ఏడుపు. అమ్మకం పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఓన్లీ ఫర్ ఏఎమ్‌డీ" అని ఉంటుంది. అంటే ఇంటెల్‌కి పోటీ కంపెనీ ప్రాసెసర్ల బోర్డులకే. వాటిలోని చిప్‌ల అడ్రసుల అమరిక ఇంటెల్ చిప్‌సెట్‌కి తలకెక్కదు. డీడీఆర్3 నయం. పళ్లు అవే 240 అయినా గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి అసలు లోపలికే దిగదు, ఆశ పెట్టదు.

అడ్రసంటే గుర్తొచ్చింది. మన గుంటూరు బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రెండంకెలు చెబితే ఆటో తిన్నగా వెళ్తుంది. తమరి మీద ఇన్ని అంకెలుండి ఒక్కటీ దారి చూపించదు. 450 వాట్లు అంటారు. ఎస్‌ఎమ్‌పీఎస్ స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లని ఉంటుంది. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరూ ఫ్యాన్లూ డిస్కు మోటారూ బతకాల్సింది దాని మీదే, ఇక గ్రాఫిక్స్ కార్డు ఊసు ఎందుకు?

ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌ని పట్టుకునే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి లేచిందా, రోహిణి కార్తెలో పది నిమిషాలకో షట్‌డౌన్. ఆ సీమాస్ బ్యాటరీ, అదే సీఆర్2032 బిళ్ల, నీరసించిందా, రోజూ ఎఫ్1 కొట్టాలి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి, సర్టిఫికెట్ చెల్లదంటూ బ్రౌజర్ ఏ సైటూ తెరవదు.

అవన్నీ భరిస్తాం. కానీ అప్‌గ్రేడ్ అంటే ఏమిట్రా అసలు? ర్యామ్ 4 జీబీ దాటాలంటే బోర్డు మార్చాలి. కొత్త తరం బోర్డు వేస్తే ఈ ఎల్‌జీఏ 775 సాకెట్ ప్రాసెసర్ పనికిరాదు, డీడీఆర్2 పనికిరాదు, ఆ ఎస్‌ఎమ్‌పీఎస్‌ని నమ్మి కొత్త బోర్డు తగిలించలేం. మిగిలేది క్యాబినెట్టూ, దాని మీద కప్పిన పూలగుడ్డా! దాన్ని అప్‌గ్రేడ్ అంటావా? కొత్త ఇల్లు కట్టి పాత గుమ్మం తగిలించినట్టుంది.

సరే, కోపంలో ఏకవచనం దొర్లింది. ఒక్క విషయంలో మాత్రం తమరిది అబద్ధం కాదు. డిస్కులు తగిలించే సాటా పోర్టులున్నాయి. మోటారు లేని డిస్కు, అదే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే, ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి లేకపోయి పాత ఐడీఈ మోడ్‌లోనే నడిచినా, పాత డిస్కుకి రెండింతల పైనే వేగం వస్తుంది. 2 జీబీ స్టిక్కులు రెండు, తేలికపాటి లైనక్స్ ఒకటి వేస్తే బిల్లులు కొట్టడానికీ పిల్లల టైపింగుకీ లోటుండదు. ఈ5300 ఇంకా అలిసిపోలేదు, మొండిఘటం.

అందుకే తమరిని చించడం లేదు. ఆ రెండు గీతల కింద "ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ ర్యామ్ వరకే" అని రాసి, క్యాబినెట్ మూతకి లోపలివైపు అతికిస్తున్నాను. ఈసారి విప్పేవాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు అది చదువుకుంటాడు.

ఇట్లు,
రెండు ఏఎమ్‌డీ స్టిక్కుల యజమాని,
గుంటూరు.