కుర్చీలో వేంచేసిన ముళ్ళకాయ గారికి

మహారాజశ్రీ థిసిల్ అనే ముళ్ళపువ్వు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మా అమ్మ మోకాళ్ళు తప్ప. మొన్న శనివారం తమ దర్శనం చేసుకున్నది మేమే. మూడో అంతస్తు, కిటికీ పక్కన వెలిసిపోయిన ఆకుపచ్చ పట్టు కుర్చీ. తమరు నడిమధ్యన, ఎవరూ కూర్చోకుండా కాపలాగా, మెడలో గళ్ళ రిబ్బనుతో, కాస్త పక్కకి ఒరిగి విశ్రాంతి తీసుకుంటున్నారు. మా అమ్మ ఎదురుగా గోడ పట్టుకుని నిలబడింది. గుర్తొచ్చిందా?

కోట పేరు రాయను. స్కాట్లాండులోని అబర్దీన్‌షైర్‌లో 260కి పైగా ఉన్నాయని చెప్పుకుంటారు కదా, అందులో ఏదో ఒకటి అనుకోండి.

రాజమండ్రి నుంచి వచ్చిన మనిషిని పులిహోర కట్టించి మరీ తీసుకొచ్చాను. దారంతా వాన. ఒక్క బండి పట్టే రోడ్డు మీద ట్రాక్టరు ఎదురొస్తే వెనక్కి వెనక్కి నడిపాను. ముందు అనుకున్న కోటలో ఎవరిదో పెళ్ళిట, లోపలికి రానివ్వలేదు. పెళ్ళయితే ఏం, పిలిస్తే భోంచేసి అక్షింతలు వేసి వచ్చేవాళ్ళం. పోనీండి, అవేవీ తమ పద్దులో రాయను.

మెట్లు మాత్రం రాస్తాను. గుండ్రంగా తిరిగే రాతిమెట్లు, ఓ పక్క చేటంత, రెండో పక్క బెత్తెడు. అమ్మ గోవిందా గోవిందా అంటూ తాడు పట్టుకుని ఎక్కింది. "అలిపిరిలో 3,550 మెట్లురా, అయినా ఎక్కడ కావాలంటే అక్కడ కూలబడొచ్చు" అంది మధ్యలో. పైకి వెళ్తే గదిలో పదకొండు కుర్చీలు. ప్రాణం లేచొచ్చింది. చూస్తే పదకొండింటిలోనూ తమ వంశమే!

"ఎవరో పాపం పువ్వు మర్చిపోయారు" అంటూ అమ్మ తమరిని తీసి పక్కన పెట్టబోయింది. గుచ్చారు. గదికి కాపలా ఉన్న పెద్దావిడ ఎంతో తియ్యగా నవ్వి, "ఆ కుర్చీ కాస్త అలసిపోయిందండీ" అంది.

కుర్చీ అలసిపోయిందిట.

తమరు సామాన్యులు కారని తెలుసు. మా పల్లేరుకాయకి పెద్దన్న వరస, పైగా ఈ దేశానికి చిహ్నం. చీకట్లో చెప్పుల్లేకుండా దొంగదెబ్బ తీయడానికి పడవెక్కి వచ్చిన నార్స్ (పాతకాలపు నార్వే) సైనికుడు తమరిని తొక్కి కెవ్వుమన్నాడనీ, ఆ కేకకి స్కాట్లు లేచి కూర్చున్నారనీ కథ. వాళ్ళయినా కూర్చున్నారు! 1687లో ఏడో జేమ్స్ రాజు తమ పేరిట ఏకంగా బిరుదే స్థాపించాడు. 'నన్ను ముట్టినవాడు ఊరికే పోడు' అని దాని లాటిన్ మాట. ఇంత ఘనచరిత్ర ఉండి, చివరికి ఈ ఉద్యోగమా? డెబ్బై ఏళ్ళ ఆడమనిషిని నిలబెట్టడమా? మా అమ్మేమన్నా పడవేసుకుని దండెత్తి వచ్చిందా?

పాత పట్టు పిగిలిపోతుంది, ఒప్పుకుంటాను. మరి పక్కన ఓ ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఏం పోయింది? ఇక్కడి క్రెయిగీవర్ కోట చూడు. బాల్టిక్ సముద్రపు వర్తకంలో గడించిన విలియమ్ ఫోర్బ్స్ 1626లో దాన్ని పూర్తి చేస్తే, 1963 దాకా ఆ వంశం వాళ్ళు అందులో కాపురమున్నారు. మూడొందల ఏళ్ళు నిలబడే కాపురం చేశారా? వాళ్ళ పిల్లలు కుర్చీలెక్కి గెంతలేదా? అప్పుడెక్కడున్నావు నువ్వు? కుర్చీ వేసి కూర్చోవద్దనడమంటే, విస్తరి వేసి వడ్డించకపోవడమే. సిగ్గుండక్కర్లా నీకు?

క్షమించాలి, ఏకవచనంలోకి జారాను. 'కూర్చోరాదు' అని ఎర్రక్షరాలు రాసి తరిమే బోర్డుల కన్నా తమరే నయం, ఆ మాట ఒప్పుకోవాలి. పువ్వు వేషంలో ఉన్నారు కనక అమ్మకి తిట్టడానికి మనసు రాలేదు.

కిందికొచ్చి కార్లో పులిహోర తిన్నాం. అమ్మ ఏమీ మాట్లాడలేదు. తిన్నాక దిగి, కంచె పక్కన ఎండిపోయిన తమ చుట్టాన్నొకణ్ణి కొంగుతో పట్టుకుని తుంచి, పులిహోర డబ్బాలో పెట్టుకుంది. ఆదివారం నుంచి ఆయన మా ఇంట్లో సోఫా మీద, సరిగ్గా టీవీ ఎదురుగా నేను కూర్చునే చోట ఉన్నారు. తీయబోతే, "అది కాస్త అలసిపోయిందిరా" అంటోంది.

ఈ ఉత్తరం నిలబడే రాశాను.

ఇట్లు,
తమ విధేయుడు