డొంక మళ్లీ దారి కావాలి

తీగ లాగితే డొంకంతా కదిలిందని సామెత. అందులో డొంక అంటే పొద. మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో డొంక అంటే దోవ. రెండు పక్కలా పొలాల గెనిమలు, అంటే గట్లు, మధ్యలో ఎద్దుల బండి పట్టేంత మట్టి దారి. గత ముప్పై ఏళ్లలో ఈ రెండు అర్థాలూ ఒకటైపోయాయి. ఎద్దుల బళ్లు పోయాయి, మనుషులు బైకులెక్కారు, ఎవరూ నడవని డొంకలో సర్కారు కంప అనే ముళ్ల తుమ్మ మొలిచింది. ఇప్పుడు ఊరి వెనక్కి వెళ్లి డొంక ఏదని అడిగితే చాలాచోట్ల పొదనే చూపిస్తారు.

ఆ పొదల్లోకి ఆదివారం పూట మచ్చుకత్తులు పట్టుకుని దిగుతున్న వాళ్లు కొందరున్నారు. తిరుపతిలో రోజూ పొద్దున పార్కులో రౌండ్లు కొట్టే ఒక నడక బృందం అది. రిటైరైన ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, చీర కొంగు బొడ్లో దోపి స్పోర్ట్స్ షూస్ వేసుకొచ్చే గృహిణులు, కొందరు కాలేజీ పిల్లలు. గానుగెద్దుల్లా ఒకే పార్కు చుట్టూ తిరిగి విసుగెత్తి, ఆదివారాలు చంద్రగిరి వైపు పల్లెల్లో నడుద్దామని బయల్దేరారు. తీరా వెళ్తే నడవడానికి దారి లేదు. దాంతో నడక కాస్తా కంప కొట్టే పనిగా మారింది.

ఈ మధ్య వాళ్ల వెంట మేమూ వెళ్లాం. ఆరు గంటలకు పని మొదలైంది. కంప ముల్లు సంగతి తెలియక హవాయి చెప్పులతో వచ్చినవాళ్లకు పది నిమిషాల్లో తెలిసొచ్చింది. ఆ ముల్లు రబ్బరును దాటి అరికాల్లో దిగుతుంది, లాగబోతే సగం లోపలే విరుగుతుంది. ముందున్నవాళ్లు నరుకుతుంటే వెనకున్నవాళ్లు పంగలకర్రతో కొమ్మల్ని పక్కకు నెడుతున్నారు. పొలానికి పోతున్న ఆ ఊరి పెద్దాయన ఒకాయన ఆగి, కాసేపు చూసి, చేతికర్రతో ఒకచోట నేలను తట్టాడు. టక్కుమని రాతి మోత. మట్టి తోడితే సర్వే రాయి. తన పెళ్లి బండి ఈ రాయి పక్క నుంచే వచ్చిందని చెప్పి ఆయన దోవన ఆయన పోయాడు. ఎండ చురుక్కుమనే వేళకు రెండు ఫర్లాంగుల దారి బయటపడింది.

చిన్న పనే ఇది. ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెట్టుకునే సరదా కూడా అందులో కొంత ఉంది. ఉంటే ఉండనీ. పంచాయతీ ఏళ్ల తరబడి చేయని పని పాతిక మంది మూడు గంటల్లో చేశారన్నది మాత్రం మేం కళ్లారా చూశాం.

తిరుపతికి నడక కొత్త కాదు. అసలు ఈ ఊరు పెరిగిందే నడిచొచ్చిన వాళ్ల వల్ల. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. మొదటిది రాకముందు కొండెక్కాలంటే కాళ్లే దిక్కు, లేదంటే డోలీ. తాళ్లపాక నుంచి అన్నమయ్య వచ్చిన దారిని ఇప్పటికీ అన్నమయ్య మార్గమనే పిలుస్తున్నాం. నేటికీ అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు రోజూ వేలమంది ఎక్కుతున్నారు. పెరటాసి నెల వస్తే తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టి గోవిందా అంటూ వచ్చే గుంపులకు లెక్కే లేదు.

కొండ మీదికి పోయే ఆ రెండు దారులకూ ఒక యజమాని ఉన్నాడు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోతే టీటీడీ బాగు చేయించి 2022 మేలో మళ్లీ తెరిచింది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక భక్తులను గుంపులుగా పంపారు, చేతికర్రలిచ్చారు, పిల్లలతో వచ్చేవాళ్లకు వేళలు పెట్టారు. ఆ చేతికర్రల మీద జనం జోకులేసుకున్నారు గానీ, దారి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. కొండ దిగి నాలుగు మైళ్లు పోతే ఊరి డొంకకు ఆ పాటి దిక్కు కూడా లేదు. అది పంచాయతీదా, రెవెన్యూదా అని అడిగితే ఒకరు రెండో ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తారు.

కాగితం మీద డొంక భద్రంగానే ఉంది. గ్రామ పటంలో చుక్కల గీతగా ఉంటుంది, రికార్డులో డొంక పోరంబోకు అని రాసి ఉంటుంది. పోరంబోకు అన్న మాట మన నోళ్లలో నాని తిట్టయిపోయింది కానీ, శిస్తు లెక్కకు బయట ఉంచిన భూమి అని దాని అసలు అర్థం. ఒకరి పేరున లేదు కాబట్టి అది అందరిదీ. ఆక్రమిస్తే ఖాళీ చేయించడానికి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. ఊరుమ్మడి భూముల్లోంచి ఆక్రమణదారులను ఖాళీ చేయించే పథకాలు సిద్ధం చేయాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. చట్టానికి కొరతేమీ లేదు.

మరి డొంక ఎలా పోతోంది? ఒక్క రోజులో పోదు. మొదట కంప వస్తుంది. మనుషులు రావడం మానేస్తారు. పక్క రైతు దున్నినప్పుడల్లా నాగలి జానెడు ఇవతలికి జరుగుతుంది, గెనిమ కూడా దానితోపాటే జరుగుతుంది. పదేళ్లకు బండి దారి కాలిబాటవుతుంది, ఇంకో అయిదేళ్లకు అదీ ఉండదు. ఆ తర్వాత ఎవరో వచ్చి అటూ ఇటూ ఉన్న పొలం కయ్యలు కొని లేఅవుట్ వేసి, డొంక మీదుగానే ప్రహరీ లేపుతారు. ఊళ్లో అడిగేవాడు ఉండడు, ఎందుకంటే అప్పటికి ఆ దోవన పోయేవాడే లేడు. తిరుపతి చుట్టూ భూముల ధరలు పెరిగాక ఈ చివరి మెట్టు మరీ తొందరగా వచ్చేస్తోంది.

దారి పోతే పార్కు వాకర్లకు పోయేది ఆదివారం సరదానే. దళితవాడకు పోయేది శ్మశానం దారి. పాడె మోసుకుని మోకాలి లోతు వరి మడిలోంచి పోయే ఫొటోలు ప్రతి వానాకాలమూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి, మేమూ వేస్తున్నాం. డొంక మూసుకుపోతే గడ్డిమోపు నెత్తిన పెట్టుకొచ్చే ఆడమనిషి చుట్టూ తిరిగి తారురోడ్డెక్కాలి. బడికి నడిచి పోయే పిల్లలూ అంతే. ఆ తారురోడ్డేమో నాలుగు లైన్లో ఆరు లైన్లో అయింది. చిత్తూరు నుంచి తిరుపతికి నడిచొచ్చే భక్తులకు అక్కడ మిగిలింది తెల్ల గీత అవతలి రెండడుగులే, వెనక నుంచి లారీ హారన్. బస్సు చార్జీ లేక కొందరు, మొక్కుకుని కొందరు, డాక్టరు చెప్పాడని కొందరు. ఏ కారణంతో నడిచినా అందరికీ కావలసింది బండ్లు రాని ఒక దారి.

ఇక్కడ రైతు మాట కూడా వినాలి. నడక బృందాల మీద పల్లెల్లో ఉన్న అనుమానం ఊరికే రాలేదు. మామిడి కాపు మీదున్నప్పుడు బెంగళూరా కాయ కోసి ఉప్పూకారం పొట్లం విప్పిన పెద్దమనుషుల్ని రైతులు చూశారు. డ్రిప్ పైపుల మీద కాలేసి నడిస్తే అతుకులు ఊడతాయని పట్నం వాళ్లకు తెలియదు. గేటు తీసినవాళ్లు మళ్లీ వేయకపోతే పక్కవాళ్ల ఆవులు వేరుశనగలో పడతాయి. నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్ల సంగతి చెప్పనక్కర్లేదు. మేం వెళ్లిన రోజు ఒక రైతు ముందుగా అడిగింది కూడా అదే, కంప కొట్టడానికి వచ్చారా, కాయలు కొట్టడానికి వచ్చారా అని. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. బృందం ఆయన పొలం వెంట గెనిమ తొక్కకుండా డొంకలోనే నడిచాక, కొట్టిన కంపను ఆయన కంచెకే వేసి ఇచ్చాక, బోరు దగ్గర చేతులు కడుక్కోమన్నాడు.

దారి బాగుచేయడంలోనూ ఒక తెలివి ఉంది. వెడల్పు ఎక్కువ చేస్తే ఇసుక ట్రాక్టర్లు దిగుతాయి, తక్కువ చేస్తే ఆర్నెల్లకే కంప మళ్లీ కలుస్తుంది. సర్కారు కంపను పైపైన నరికితే లాభం లేదు, మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరుతో తవ్వాలి, అదీ నేల మెత్తబడ్డ వానాకాలంలోనే సులువు. నిప్పు పెట్టడం మాత్రం అసలు చేయకూడదు. మన నేలకు పుట్టిన తంగేడు, బలుసు, కలే పొదలను గెనిమ మీద అలాగే వదిలేయాలి. వేసవిలో కలే పండ్లు దొరికేది వాటి మీదే. అన్నిటికంటే దారికి పెద్ద శత్రువు నీరు. ఏటవాలుగా ఉన్నచోట వాననీరు దారినే వంకగా చేసుకుని కోసేస్తుంది. పదీ పదిహేను అడుగులకొకసారి రాళ్లను ఏటవాలుగా అడ్డం పాతి నీళ్లను పక్కకు మళ్లిస్తే చాలు. పాతకాలపు రైతులకు ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఈ పని తెలిసిన చేతులు ఊళ్లలో ఇంకా ఉన్నాయి కనుక పట్నం నుంచి వెళ్లేవాళ్లు వాళ్లను వెంట పెట్టుకుని చేయడం మేలు.

అడవి సంగతి వేరు. శేషాచలం కొండలు 1989 నుంచి జాతీయ ఉద్యానం, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. దేవాంగపిల్లి, బంగారు బల్లి, ఎర్రచందనం ఉన్న అడవి అది. తుంబురు తీర్థ ముక్కోటి నాడు అనుమతితో వేలమంది వెళ్లడం ఒకటి, యూట్యూబ్ వీడియో చూసి అయిదుగురు కుర్రాళ్లు కోనలోకి దిగడం ఇంకొకటి. గుండాల్లో పడి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ఏటా రాస్తున్నాం. నడక బృందాలు అటవీశాఖ అనుమతి లేకుండా గుట్టల్లో కొత్త బాటలు తెరవకూడదు, రాళ్ల మీద పెయింటుతో బాణం గుర్తులు వేయకూడదు. చంద్రగిరి వైపు పొలాల దాకా ఏనుగులు వస్తున్న రోజులివి. చీకటితో బయల్దేరే ముందు ఊరి వాళ్లను ఒక మాట అడగాలి.

నడకదారుల మీద పంతం పట్టిన దేశం ఒకటుంది. ఇంగ్లండులో 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి కొన్ని వందల మంది కార్మికులు, కుర్రాళ్లు కావాలని చొరబడి నడిచారు. జమీందార్ల వేట కోసం మూసేసిన నేల అది. కొందరు జైలుకు కూడా వెళ్లారు. 1949లో వచ్చిన చట్టంతో జనం నడిచే ప్రతి దారినీ పటం మీద పెట్టడం మొదలైంది. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లలో అలా నమోదైన దారుల పొడవు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు. పొలం అడ్డంగా దారి పోతుంటే రైతు దున్నుకోవచ్చు, అయితే గడువులోగా దారిని మళ్లీ సరిచేయాలి. అక్కడి చట్టాన్ని ఇక్కడికి దించమని మేం అనడం లేదు. వాళ్లు కష్టపడి తయారు చేసుకున్న పటం మనకు తెల్లవాడి కాలం నుంచే ఊరూరా ఉందని గుర్తు చేస్తున్నాం, అంతే.

ఆ పటానికి ఇప్పుడొక గండం వచ్చింది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి. కంప కమ్మిన డొంక పైనుంచి తీసిన ఫొటోలో పచ్చటి మచ్చలా కనిపిస్తుంది తప్ప దారిలా కనిపించదు. పట్టాదారు తన హద్దు తప్పితే ఆఫీసుల చుట్టూ తిరిగి సరిచేయించుకుంటాడు. డొంక తరఫున తిరిగేదెవరు? అందుకే పాత గ్రామ పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి, ఏ డొంక ఏ ఊళ్లో ఎంత తగ్గిందో గ్రామసభలో చదివి వినిపించాలని మేం కోరుతున్నాం. 2019 నుంచి సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లు ఉన్నారు. ఏడాదికొకసారి సర్వేయరు, పంచాయతీ కార్యదర్శి ఊరివాళ్లతో కలిసి డొంకల వెంట నడిచి రాళ్లు చూసుకుంటే ఒక పూట పని. కంప కొట్టడం, రాళ్లు పాతడం ఉపాధి పనుల్లో పెట్టవచ్చు. శ్మశానం దారులు ముందు, మిగతావి తర్వాత. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు డొంక పటంలో ఉంటే లేఅవుట్‌లోనూ అదే వెడల్పున ఉండి తీరాలి. తాళం వేసిన గేటు వెనక ఉండి లాభం లేదు.

నడక బృందాలకూ ఒక మాట. తిరుపతిలో పొద్దున నడిచేవాళ్లకు తక్కువ లేదు. వారానికొక్క పూట, తలా ఒక ఊరి డొంక పంచుకున్నా చాలు. కత్తి పట్టలేనివాళ్లు నడిస్తే చాలు, కొట్టిన దారిలో నెలకు రెండుసార్లు మనుషులు నడిస్తే గడ్డి కూడా వెనకాడుతుంది. పోయే ముందు సర్పంచికి చెప్పి పోవాలి. టిఫిన్ ప్లేట్లు వెనక్కి తెచ్చుకోవాలి.

మేం వెంట వెళ్లిన బృందం ఆ డొంకలో ఇప్పటికి దాదాపు కిలోమీటరు తెరిచింది. బయటపడిన సర్వే రాళ్లకు సున్నం కొట్టారు. ఆ పైన ఇక పోవడానికి లేదు. ఎనిమిదడుగుల సిమెంటు గోడ అడ్డంగా ఉంది, గోడకు అవతల ప్లాట్లు అమ్మబడును అన్న బోర్డు. పటంలో చుక్కల గీత ఆ గోడ కింద నుంచే పోతోంది. బృందం, ఊరివాళ్లు కలిసి అర్జీ పెట్టుకున్నారు. రసీదు చేతికొచ్చి మూడు వారాలైంది, సర్వేయరు ఇంకా రాలేదు.