అద్దెకిచ్చేవాడి మరమ్మతే అసలు మరమ్మతు

పాత ఇల్లు చవగ్గా కొని, హంగులు దిద్ది, నాలుగైదు నెలల్లో రేటు పెంచి అమ్మేయడం ఇప్పుడు పెద్ద మోజు. 'అప్పుడు ఇలా, ఇప్పుడు ఇలా' అంటూ తిరిగే వీడియోలకు కొదవ లేదు. పెచ్చులూడిన వంటగది అర నిమిషంలో గ్రానైట్ తళుకులతో మెరిసిపోతుంది. అలాంటి ఇంటినే బాగుచేసి ఏళ్ల తరబడి అద్దెకిచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వీడియోలు రావు, వచ్చినా ఎవరూ చూడరు. గోడ పగలగొట్టి, పైపు మార్చి, మళ్లీ గోడ మూసేస్తే అందులో చూడ్డానికి ఏముంటుంది? నా వాదనంతా ఆ మూసేసిన గోడ గురించే. ఈ రెండు దారుల్లో ఇంటికి మేలు చేసేది అద్దె దారి. ఓపిక ఉంటే పెట్టుబడి పెట్టినవాడికీ అదే మేలు.

అమ్మకం లెక్క ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. బాగుచేశాక ఇల్లు ఎంతకు పోతుందో అంచనా వేసి, అందులో 70 శాతం పట్టుకుని, మరమ్మతు ఖర్చు తీసేస్తే వచ్చేదే కొనదగ్గ ధర. 100కు పోయే ఇంటికి మరమ్మతు 20 అయితే, 50కి మించి పెట్టకూడదు. మిగిలిన 30లోంచే వడ్డీ, పన్నులు, బీమా, కమీషన్లు, లాభం అన్నీ రావాలి. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇల్లు చేతిలో ఉన్న ప్రతి నెలా ఆ 30 కరుగుతూ ఉంటుంది. అందుకే మేస్త్రీ చెవిన పొద్దస్తమానం పడే మాట ఒక్కటే: ఎప్పటికవుతుంది?

సిమెంటుకు ఆ తొందర పట్టదు. కొత్త ప్లాస్టరింగ్‌ను వారం రోజులైనా తడపాలి. ఆరి, లప్పానికీ రంగుకూ సిద్ధం కావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. బాత్‌రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరాక నీళ్లు పోయే దారి మూసేసి, నేలంతా నీళ్లు నిలబెట్టి, ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేసి, కింది గది సీలింగ్‌లో మరక తేలిందేమో చూడాలి. తేలితే పని మళ్లీ మొదటికి. నెత్తిన వడ్డీ పరిగెడుతున్నవాడు ఈ పరీక్ష ఎందుకు పెట్టిస్తాడు? పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అంటించేస్తాడు. అడుగున లీకు అడుగునే ఉంటుంది. పైగా నేల అర అంగుళం లేస్తుంది. వాలు చూసుకోకుండా అంటించారా, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ వైపు వెళ్లడం మానేసి గుమ్మం వైపు దారి తీస్తాయి. కొన్నవాడికి ఆ సంగతి గృహప్రవేశం అయ్యాక, మొదటి స్నానంతో గానీ తెలియదు.

స్లాబు సంగతి ఇంకా దారుణం. లోపలి కడ్డీకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులై రాలుతుంది. బాగుచేయాలంటే వదులైనదంతా కొట్టేసి, కడ్డీ శుభ్రంగా గీకి, తుప్పు పట్టనివ్వని పూత పూసి, మళ్లీ మోర్టార్ కట్టాలి. దాచాలంటే ఫాల్స్ సీలింగ్ చాలు. పైన పటారం, లోన లొటారం. అందమైన లైట్ల కింద నిలబడి మురిసిపోయే కొనుగోలుదారు మొదట ఒక నిచ్చెన అడిగి, సీలింగ్ పలక ఒకటి విప్పించుకోవాలి. (ఒప్పుకోరనుకోండి. ఒప్పుకోకపోవడమూ ఒక సమాధానమే.)

అద్దెకిచ్చేవాడు ధర్మరాజని నేననడం లేదు. అతనికి తప్పించుకునే వీలు లేదు, అంతే. రాత్రి పదింటికి పైపు పగిలితే ఫోను మోగేది అతని ఇంట్లోనే. ఆ ఫోను రాకూడదనే తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపులు పీకించి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయిస్తాడు, ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకుంటాడు, 30 మిల్లీయాంప్స్ లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్ పెట్టిస్తాడు. గీతపడితే పాలిష్ ఖర్చు తనదే కాబట్టి మార్బుల్ జోలికి పోడు. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు, అంటే 8 శాతానికి పైగా పోయినట్టే. చెమ్మ వాసనకు విసిగి అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే దానికి రంగుల ఖర్చూ బ్రోకర్ ఖర్చూ తోడవుతాయి. నిజాయితీగా పని చేయించడమే అతనికి చవక.

అమ్మేవాడి తొందర ఖరీదు ఎంతో తెలియాలంటే అమెరికా కంపెనీ జిల్లో కథ చూడండి. కంప్యూటర్ అంచనాలతో ఇళ్లు కొని, పైపై మరమ్మతులు చేసి అమ్మాలనుకుంది. 2021 అక్టోబరులో మరమ్మతు చేసే మనుషులు దొరక్క పనులు పేరుకుపోయాయని కొత్త కొనుగోళ్లు ఆపింది. నవంబరులో ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. చేతిలో ఉన్న ఇళ్ల విలువను 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి రాసుకుంది, సిబ్బందిలో నాలుగో వంతును ఇంటికి పంపింది. ధరలు ఊహించడం తమ వల్ల కాలేదన్నారు పెద్దలు. నిజమే, కానీ ముందు చేతులెత్తేసింది మరమ్మతుల దగ్గర.

పాడుబడ్డ ఇళ్లను మళ్లీ వాడకంలోకి తెచ్చేది అమ్మకందారులే కదా, చేతులు మారితేనే కదా డబ్బు తిరిగేది అంటారు. కొంత నిజం. అద్దె యజమానుల్లోనూ పైసా రాల్చని మహానుభావులు ఉన్నారు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో ఒక హౌసింగ్ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో గోడలకు బూజు పడుతోందని తండ్రి మొరపెట్టుకుంటే, దాని మీద రంగేసుకోమన్నారు. 2020లో అతని రెండేళ్ల కొడుకు చనిపోయాడు. చావుకు ఆ బూజే కారణమని 2022లో విచారణ తేల్చింది. అయితే ఆ తర్వాత జరిగింది చూడండి. ఇల్లు ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి నిలదీయగలిగారు. చెమ్మ, బూజు లాంటి ప్రమాదాలను గడువులోగా బాగుచేసి తీరాలన్న నిబంధన 2023 చట్టంలోకి ఎక్కింది. అదే ఇల్లు రంగేసి అమ్మేసి ఉంటే ఎవరిని పట్టుకునేవారు?

ఈ జబ్బు ఇళ్లతో ఆగేది కాదు. ఇటలీలోని జెనోవాలో 1967లో తెరిచిన వంతెన 2018 ఆగస్టులో కూలి 43 మంది చనిపోయారు. దాన్ని మోసే ఉక్కు తీగలు కాంక్రీటు తొడుగులో ఉండేవి. లోపల తుప్పు తింటున్నా బయటికి కనిపించేది కాదు. కొత్తది కడితే శిలాఫలకం, రిబ్బన్, ఫొటో. ఉన్నదాన్ని కాపాడితే ఏమీ లేదు. బడ్జెట్ కోత పడితే ముందు ఎగిరిపోయే పద్దు మరమ్మతులదే. లీకు కనిపెట్టిన ప్లంబర్‌కు వెయ్యి సందేహాలతో డబ్బిచ్చేవాళ్లు, డిజైనర్ అడిగింది మాత్రం మారుమాట లేకుండా చేతిలో పెడతారు. కనిపించని పనికి గౌరవం లేనిచోట కనిపించని పని ఎవరూ చేయరు. అందులో అమ్మకందారు ఒక్కడి తప్పే ఉందనను.

దీనికి చట్టం మందు వేయగలదు. అమెరికాలో కొన్న 90 రోజుల్లోపే తిరిగి అమ్మే ఇళ్ల రుణాలకు ప్రభుత్వ గృహరుణ బీమా ఇవ్వకూడదని 2003లో నిబంధన తెచ్చారు. అది తొందరకు కళ్లెం వేసింది గానీ గోడ లోపలికి చూడలేదు. ఫ్రాన్స్ చూసింది. అక్కడ 1978 చట్టం ప్రకారం, కట్టించి లేదా పెద్ద ఎత్తున బాగుచేయించి అమ్మినవాడినీ నిర్మాణదారుగానే లెక్కిస్తారు. ఇంటి గట్టిదనాన్ని దెబ్బతీసే లోపాలకు, ఇంటిని ఉండటానికి పనికిరాకుండా చేసే లోపాలకు పదేళ్లపాటు అతనిదే పూచీ. ఆ పూచీ అన్నిచోట్లా రావాలి. దాంతోపాటు గోడ మూసే ముందు తీసిన పైపుల, వైర్ల ఫొటోలు, నీళ్లు నిలబెట్టిన పరీక్ష ఫలితం అమ్మకం కాగితాలకు జతచేయడం తప్పనిసరి కావాలి. అవి చూపించలేనివాడు ధర తగ్గించి అమ్ముకోవాలి, లేదంటే ఆ ఇంటిని తనే అద్దెకిచ్చుకోవాలి.