నోట్లో లక్ష, ఐటీఆర్‌లో 35 వేలు

(కర్నూలు. కల్లూరు ఎస్టేట్‌లో గేట్లు, గ్రిల్లులు చేసే తమ్ముడు. ఆడిటరు దగ్గర లెక్కలు రాసే అక్క. ఆదివారం పొద్దున, ఉగ్గాని బజ్జీ ముందర.)

తమ్ముడు: నెలకు లక్ష సంపాదిస్తాండా కదక్కా! 35 లక్షల ఇంటికి 28 లక్షల లోను ఇయ్యనీకి బ్యాంకోనికి ఏం రోగం?

అక్క: ఇంటిని చూస్తే ఇస్తాడు. 30 లక్షల లోపు లోనైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇయ్యొచ్చని రిజర్వు బ్యాంకే చెప్పింది. తంటా ఇంటితో కాదు, నీతో. ఐటీఆర్‌లో, అదే ఆదాయపు పన్ను రిటర్నులో, ఎంత చూపిచ్చినావు?

తమ్ముడు: ఏడాదికి 4,20,000.

అక్క: అంటే నెలకు 35,000. శానా బ్యాంకులు దాంట్లో సగమే కంతులకు లెక్కేస్తాయి. 17,500. ట్రాలీ కంతు?

తమ్ముడు: 6,700.

అక్క: మిగిలింది 10,800. 9 శాతం వడ్డీకి, 20 ఏండ్లకు, లక్షకు 900 కంతు. నీకొచ్చేది 12 లక్షలు.

తమ్ముడు: దానికి బాత్‌రూమొస్తాది!

అక్క: తలుపు నువ్వే చేసుకోవచ్చులే. రిజిస్ట్రేషను ఖర్చు నూటికి ఏడున్నర, అది నీ జేబులోంచే. 35 లక్షలకు 2,62,500.

తమ్ముడు: లాభం నూటికి 8 చూపిస్తే చాలంటిరి కదా మీరే!

అక్క: చిన్న యాపారాల లెక్కలో నగదు అమ్మకాలకు నూటికి 8, బ్యాంకులో పడినదానికి 6. అది కనీసం రా! ఎక్కువొస్తే ఎక్కువే చూపాల. సారు చెప్తే ఇన్యావా? "పన్ను పడకుండా చూడు సార్" అని కాళ్లమీద పడితివి. 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా పన్నే లేదు. నీ లక్షను 12తో గుణించు.

తమ్ముడు: ...ఉత్తిగనే దాచినానా?

అక్క: 2025-26 నుంచి ఉత్తిగనే. సరే, ఒక్కసారిగా 12 లక్షలు చూపిచ్చినా ఎగరాకు. కొందరు బ్యాంకోల్లు రెండేండ్ల సగటు తీస్తారు, కొందరు తక్కువదే పట్టుకుంటారు. జీఎస్టీ రిటర్నులో అమ్మకాలు, ఐటీఆర్‌లో అమ్మకాలు ఒకటే ఉండాల. రెండేండ్ల ఐటీఆర్‌లు ఒకే వారంలో వేస్తే లోను కోసమే వేసినావని వానికి తెలిసిపోతాది.

తమ్ముడు: కరెంటు అకౌంటు 12 నెలలది చూపిస్తా. ఆడ కనపడతాది కదా నా యాపారం.

అక్క: షాపు గోడకు అతికిచ్చిన క్యూఆర్ కోడు ఎవరిది?

తమ్ముడు: ...బామ్మర్దిది.

అక్క: అయితే వాన్నే అడగమను లోను. సిబిల్ ఎంత? అదే, బాకీలు ఎట్ల కడతాండావో చూసి ఇచ్చే మార్కు.

తమ్ముడు: 668. నేనెప్పుడూ కంతు ఎగ్గొట్టలే!

అక్క: నీ దోస్తు బండికి జామీను పడితివే, వాడెగ్గొట్టినాడు. అది నీ సిబిల్‌లోకీ ఎక్కుతాది. ముందు వాని బాకీ తీర్పిచ్చు.

తమ్ముడు: అంతవరకు ఏం చేయాల?

అక్క: నీ పెండ్లాన్ని కలుపుకో. టైలరింగుకు ఏటా గడువులోపల 3 లక్షలు చూపిస్తాంది. నెలకు 25,000, సగం 12,500. నీవీ కలిపితే దగ్గరదగ్గర 26 లక్షలు. నీ సిబిల్ బాగుపడినాక.

తమ్ముడు: అట్లయితే ఇంటికి ఆమె పేరు గూడ ఎక్కియ్యాలనా?

అక్క: ముందు ఆమె నీ పేరు ఎక్కిచ్చనిస్తాదేమో అడుగు. తనొక్కదానికే ఎంతొస్తాదని నిన్ననే నాకు ఫోన్ చేసింది.