సవరణ: ఎస్‌సీపీలో పోర్టుకు పెద్ద పి

సర్వర్ మామూలుగా వాడే 22 కాకుండా వేరే పోర్టులో (కనెక్షన్ తీసుకునే నంబరులో) ఉంటే, దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ (ssh) కమాండ్‌కైనా, దానికి ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ (scp) కమాండ్‌కైనా హైఫన్, చిన్న పి (-p), పోర్టు నంబరు ఇస్తే చాలని పోయిన పోస్టులో రాశాను. ఎస్‌సీపీ విషయంలో అది తప్పు, పొరపాటు నాదే. ఈ కమాండ్లను అందించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ప్రకారం అక్కడ పోర్టుకు పెద్ద పి (-P) వాడాలి. చిన్న పి ఫైలు టైమ్‌స్టాంపులు, పర్మిషన్లు మారకుండా కాపీ చేయడానికి.

చిన్న పి పెట్టి 2222 అని కొడితే ఎస్‌సీపీ దాన్ని కాపీ చేయాల్సిన ఫైలు పేరు అనుకుంటుంది, కనెక్షన్ మాత్రం 22కే వెళ్తుంది. అక్కడ సర్వర్ లేకపోతే సాధారణంగా 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వస్తుంది. ఉంటే 2222 పేరు చెప్పి 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటుంది, అదే అసలు గుర్తు. ఫైళ్లు పంపే మరో కమాండ్ ఎస్‌ఎఫ్‌టీపీకీ (sftp) పెద్ద పియే. ఎస్‌ఎస్‌హెచ్‌కు రాసింది సరైనదే.

ఈ తికమక వద్దనుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో ఆ హోస్ట్ కింద పోర్టు ఒకసారి రాసేయండి, ఈ మూడు కమాండ్లూ పోర్టును అక్కడి నుంచే తీసుకుంటాయి.