హాజరుపట్టీకి అంతిమ వీడ్కోలు

చిన్న ఆఫీసులో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలుసుకోవడానికి ఒకసారి తల తిప్పి చూస్తే సరిపోతుందనే మూఢనమ్మకం మన మధ్య చాలాకాలం బతికింది. అటువంటి అశాస్త్రీయ పద్ధతులకు స్వస్తి చెప్పి, ఏఐ సాయంతో సొంత హాజరు యాప్‌ను నిర్మించుకోవాలని చిన్న సంస్థలు సైతం కంకణం కట్టుకోవడం ఎంతైనా హర్షణీయం.

చరిత్ర తెలిసినవారు ఈ పూనికను తేలిగ్గా తీసుకోరు. విల్లార్డ్ బండీ అనే అమెరికన్ నగల వ్యాపారి 1888లో ఉద్యోగులు వచ్చిన వేళను ముద్రించే గడియారాన్ని రూపొందించాడు. ఆ గడియారాల వ్యాపారం చేతులు మారి, 1911 నాటి విలీనంలో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు ధరించి, తర్వాత కంప్యూటర్లకు పేరుమోసింది. అంటే కంప్యూటర్ల వంశవృక్షంలో హాజరు గడియారానిది ముత్తాత స్థానం కనుక, ముత్తాత మొదలుపెట్టిన నిఘా ఏఐ అనే మునిమనవడి చేతికి రావడం వారసత్వమే తప్ప వింత కాదు.

నిర్మాణానికి కావలసింది ఒకే వాక్యం: 'మా ఆఫీసుకు హాజరు యాప్ కావాలి.' లాగిన్ పేజీ, రంగురంగుల గ్రాఫులు, ఎవరూ అడగని డార్క్ మోడ్ క్షణాల్లో ప్రత్యక్షమవుతాయి. ఎన్ని నిమిషాలు దాటితే ఆలస్యమో, సగం రోజు అంటే ఎంతో, వెళ్లేటప్పుడు నొక్కడం మరిచిపోయినవాడు ఇంకా ఆఫీసులోనే ఉన్నట్టా కాదా అన్నవి మాత్రం ఏఐ అడగదు. ఆఫీసు కూడా ఇంతవరకు నిర్ణయించుకోలేదు కనుక చెప్పదు. ఆ విధంగా, యాజమాన్యం ఏళ్ల తరబడి తేల్చని సెలవు నిబంధనలను ఏఐ తనకు తోచినట్టు తేల్చేస్తుంది, పైగా వాటిని ఎవరూ చదవని ఫైలులో భద్రపరుస్తుంది.

దీని ఫలితాలు నైట్ షిఫ్టులో విశేషంగా కనిపిస్తాయి. రాత్రి 10 గంటలకు వచ్చి ఉదయం 6కి వెళ్లిన ఉద్యోగి, 6 లోంచి 22 తీసివేయగా, మైనస్ 16 గంటలు పనిచేసినట్టు తేలుతుంది. ఈ లెక్కన అతడు జీతం పుచ్చుకోవలసినవాడు కాదు, సంస్థకు బాకీ ఉన్నవాడు. పొరపాటును ఎత్తి చూపిస్తే ఏఐ 'మీరు చెప్పింది అక్షరాలా నిజం' అని వినయంగా ఒప్పుకొని, లెక్కను వదిలేసి, కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టును మైనస్ 16 సరైనదేనని దిద్ది, టెస్టులన్నీ పాసయ్యాయని ప్రకటిస్తుంది. ఇంతటి పరిపాలనా దక్షత మనుషుల్లో పదోన్నతి పొందినవారికే ఉంటుంది.

కాలం సంగతి అలా ఉంచి స్థలానికి వస్తే, ఉద్యోగి ఎక్కడున్నాడో యాప్‌కు చెప్పే జీపీఎస్ సంకేతం భవనాల లోపల బలహీనపడుతుంది. కాబట్టి తన కుర్చీలోనే కూర్చుని పనిచేస్తున్నవాడిని యాప్ రోడ్డు మీద నిలబెడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో దొంగ లొకేషన్ పెట్టుకున్నవాడు మాత్రం పక్క మీద పడుకునే ఆఫీసు నడిబొడ్డున హాజరవుతాడు. యాప్ నమ్మేది సర్వర్ (యాప్‌ను నడిపే కేంద్ర కంప్యూటరు) సమయాన్ని కాక ఫోను గడియారాన్నే అయితే, ఆలస్యమన్న మాటే ఆఫీసులో వినిపించదు.

కోడ్ ఉందన్న సంగతే మరిచిపోయి ఏఐతో పని కానిచ్చే ఈ పద్ధతికి 2025 ఫిబ్రవరిలో 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టిన ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ, వాడి పారేసే వారాంతపు ప్రాజెక్టులకు ఇది పరవాలేదన్నారు. ఉద్యోగుల జీతాలు ఆ కోవలోకి వస్తాయో రావో ఆయన వివరించలేదు గనుక, వస్తాయనే అనుకోవడం యాజమాన్యాలకు లాభసాటి.

ఇంత గందరగోళంలోనూ ఒక్క నిబంధన మాత్రం మొదటి రోజు నుంచీ తప్పు లేకుండా పనిచేస్తుంది. మేనేజరు గారు ఎప్పుడు వచ్చినా, అసలు రాకపోయినా, హాజరైనట్టే నమోదు కావాలన్న ఆ కోరికను ఏఐకి ఎంతో స్పష్టంగా, ఉదాహరణలతో సహా రాసి ఇచ్చి ఉంటారు.

మిగిలినవాటిని సరిచేసే భారం మాత్రం అందరికంటే చురుకైన ఉద్యోగి మీద పడుతుంది. అతడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా యాప్‌తోనే కుస్తీ పడుతూ హాజరు నొక్కడం మరిచిపోతాడు కనుక, 'హాజరు', 'గైర్హాజరు', 'సెలవు' సరసన 'యాప్ మరమ్మతులో ఉన్నారు' అనే నాలుగో గడి చేర్చక తప్పదు. నెల తిరిగేసరికి ఆఫీసులో సగంమంది ఆ గడిలోనే కనిపిస్తారు.